"అది మేనేజర్‌గారికి తెలుస్తుంది సార్" అనకండి

ప్రశ్న: నమస్తే అండీ. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ బ్యాంకులో పద్నాలుగేళ్ళ నుంచి క్లర్కుగా చేస్తున్నాను. నా వయసు 41. మా బ్రాంచ్‌కి పొగాకు, శనగ రైతులు, డ్వాక్రా గ్రూపులే ఎక్కువ. ఆఫీసర్ ప్రమోషన్ రాతపరీక్ష పాసయ్యాను, ఇంకో మూడు వారాల్లో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. రెండేళ్ళ క్రితం కూడా ఇక్కడిదాకా వచ్చి ఇంటర్వ్యూలో పోయింది. అప్పుడు "మీ బ్రాంచ్‌లో కాసా (మొత్తం డిపాజిట్లలో సేవింగ్స్, కరెంట్ ఖాతాల వాటా) ఎంత శాతం" అని అడిగితే "అది మేనేజర్‌గారికి తెలుస్తుంది సార్" అన్నాను, ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. ఇంగ్లీషు అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే తడబడతాను. మా బ్రాంచ్ నుంచే ఇంకో అబ్బాయి కూడా ఇంటర్వ్యూకి వస్తున్నాడు, నాకంటే పదేళ్ళు చిన్న, గడగడా మాట్లాడతాడు. అందరూ అంతా రికమెండేషనే, లిస్టు ముందే రెడీ అయిపోతుంది అంటున్నారు. ప్రమోషన్ వస్తే ఎక్కడికి వేస్తారో తెలీదు, పాప పదో తరగతి. ఎలా ప్రిపేర్ అవ్వాలి, అసలు వెళ్ళాలా వద్దా, చెప్పగలరు.

సమాధానం:

వెళ్ళాలమ్మా. రాతపరీక్ష రెండుసార్లు గట్టెక్కిన మనిషి వెళ్ళాలా వద్దా అని అడగకూడదు. నేనూ క్లర్కుగా చేరి ఆఫీసరైనవాణ్ణే, సర్వీసు చివరి ఏళ్ళలో ఇలాంటి ప్యానెల్స్‌లో బల్లకి అవతల కూర్చున్నాను, కాబట్టి చూసిందే చెప్తాను. పోయినసారి మీకు మార్కులు ఎక్కడ పోయాయో మీ ఉత్తరంలో మీరే రాసేశారు. ఇంగ్లీషు దగ్గర కాదు. మేనేజర్‌గారికి తెలుస్తుంది అన్నారే, అక్కడ.

ప్యానెల్ వాళ్ళ పరిస్థితి ఒకసారి ఆలోచించండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషులు వస్తూనే ఉంటారు, ఒక్కొక్కరికి దొరికేది పదో పదిహేనో నిమిషాలు. మీ రాతపరీక్ష మార్కులు, అప్రైజల్ వాళ్ళ ముందు కాగితం మీదే ఉంటాయి. మీరు క్యాష్ లెక్కపెట్టగలరని, డీడీ రాయగలరని పద్నాలుగేళ్ళ సర్వీసే చెప్తుంది, దాన్ని మళ్ళీ రుజువు చేయక్కర్లేదు. వాళ్ళ మనసులో ఉండేది ఒకటే: రేపు ఈవిడ్ని ఏదో పల్లెటూరి బ్రాంచ్‌లో వేశాం, మేనేజర్ లీవులో ఉన్నాడు, ఆ రోజు బ్రాంచ్ నడుస్తుందా? ఎన్ని ప్రశ్నలు అడిగినా తిరిగి తిరిగి దానికోసమే. కాసా అడిగింది కూడా మీ జ్ఞాపకశక్తి చూడ్డానికి కాదు. సేవింగ్స్, కరెంట్ డిపాజిట్లు రోజూ మీ చేతుల మీదుగానే వచ్చి పోతుంటాయి, మొత్తం డిపాజిట్లలో అవెంత అని మీకెప్పుడైనా అనిపించిందా, అదీ వాళ్ళు చూసింది.

అందుకని ఈ మూడు వారాలూ మీ సిలబస్ మీ బ్రాంచే. గైడ్ పుస్తకం పక్కన పెట్టమనను, కానీ అది రాతపరీక్షకి పనికొచ్చినంతగా ఇక్కడ రాదు.

రేపే మీ మేనేజర్‌గారి దగ్గరకెళ్ళి, ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నాను సార్, బ్రాంచ్ అంకెలు కావాలి అని నేరుగా అడగండి. తన బ్రాంచ్ నుంచి ప్రమోషన్ వస్తే ఆయనకీ పేరే, మామూలుగా ఎవరూ కాదనరు. మీ లాగిన్‌లో రానివి ఇంకొకరి లాగిన్‌లో మాత్రం చూడొద్దు, పాస్‌వర్డ్‌లు పంచుకోవడం గురించే ప్యానెల్ అడిగే అవకాశం చాలా ఎక్కువ. మొత్తం డిపాజిట్లు ఎంత, అందులో కాసా ఎంత, అప్పులు ఎంత, వాటిలో క్రాప్ లోన్లు, గోల్డ్ లోన్లు, డ్వాక్రా, చిన్న వ్యాపారాలు విడివిడిగా ఎంత, ఎన్‌పీఏ, అంటే మొండి బాకీలు, ఎంత, ఈ సంవత్సరం కొత్తగా ఎన్‌పీఏలోకి జారినవి ఎన్ని, రికవరీ అయినవి ఎన్ని, మార్చికి టార్గెట్ ఎంత. పోయిన మార్చి అంకె ఒక పక్క, నిన్నటి అంకె ఒక పక్క రాసుకోండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. మూడో గడి ఒకటి గీసి, అంకె ఎందుకు పెరిగింది లేదా ఎందుకు తగ్గింది అన్నది మీ మాటల్లో రాయండి. మీకు మార్కులు వచ్చేది ఆ మూడో గడిలోనే.

ఉదాహరణకి అదే కాసా ప్రశ్న మళ్ళీ వచ్చిందనుకోండి. మీ బ్రాంచ్‌లో పొగాకు రైతులు ఎక్కువ అన్నారు. పొగాకు బోర్డు వేలం సీజన్లో డబ్బు నేరుగా రైతుల అకౌంట్లలో పడుతుంది, ఆ నెలల్లో సేవింగ్స్ బ్యాలెన్స్ పెరుగుతుంది, కొన్నాళ్ళకే ఎరువుల షాపు బాకీకో, బయట తెచ్చిన వడ్డీ అప్పుకో, కూతురి పెళ్ళికో వెళ్ళిపోతుంది. అది ఏ వారంలో పడుతుందో, ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఎవరు మొత్తం తీసుకెళ్ళి పక్క బ్యాంకులో డిపాజిట్ వేస్తున్నారో కౌంటర్లో కూర్చున్న మీకు తెలిసినంత బాగా హైదరాబాద్‌లో కూర్చున్న డీజీఎంకి తెలియదమ్మా. కాబట్టి ఇలా చెప్పండి: "మా బ్రాంచ్ కాసా ఇంత శాతం సార్, పోయిన మార్చి కంటే ఇంత తగ్గింది. వేలం డబ్బు వచ్చినప్పుడు పెరుగుతుంది కానీ నిలవట్లేదు. వేలానికి ముందే ఊళ్ళకి వెళ్ళి రైతులతో మాట్లాడి, కొంతైనా అకౌంట్లో ఉంచేలా, ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీద కూడా అకౌంట్ తెరిచేలా చేయొచ్చని నా ఆలోచన." ఇది విన్న ప్యానెల్ మనిషి తల పైకెత్తి మీ వంక చూస్తాడు, తర్వాతి ప్రశ్న కూడా దీని మీదే అడుగుతాడు, అంటే మీకు తెలిసిన చోటికే వస్తాడు. కస్టమర్ల పేర్లు మాత్రం ఎత్తకండి, "ఒక రైతు" అంటే చాలు.

రెండోది రికవరీ. ఇది అడగని ఇంటర్వ్యూ నేను చూడలేదు. "యాభై ఓవర్‌డ్యూ అకౌంట్ల లిస్టు మీ చేతికిస్తే రేపు పొద్దున ఏం చేస్తారు?" అని అడుగుతారు. పుస్తకం చదివి వచ్చినవాళ్ళు వెంటనే నోటీసులిస్తాం, సర్ఫేసీ చట్టం కింద తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకుంటాం అంటారు. అవతల నుంచి నెమ్మదిగా వచ్చే ప్రశ్న: "మీ లిస్టులో ఎక్కువ క్రాప్ లోన్లే కదా, పొలం మీద సర్ఫేసీ ఎలా వాడతారు?" అక్కడ ఆగిపోతారు. 2002 నాటి ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, లక్ష లోపు బాకీకి కూడా వర్తించదు, వర్తించే చోట కూడా ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇవి తెలిసి ఉండాలి, కానీ జవాబు ఇక్కడి నుంచి మొదలుపెట్టకూడదు.

మీరైతే లిస్టుని విడదీయడం దగ్గర మొదలుపెట్టండి. మామూలు టర్మ్ లోన్ 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, దాని ముందు మెట్లు ఎస్‌ఎంఏ-0 అంటే 30 రోజుల్లోపు, ఎస్‌ఎంఏ-1 అంటే 60 దాకా, ఎస్‌ఎంఏ-2 అంటే 90 దాకా. క్రాప్ లోన్‌కి లెక్క వేరు, స్వల్పకాలిక పంటకైతే రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటకైతే ఒక పంట కాలం బాకీ ఉండిపోతే అప్పుడు ఎన్‌పీఏ. కాబట్టి ముందు ఎస్‌ఎంఏ-2 వాళ్ళకి ఫోన్, అందులో ఈ వారం గడువు దాటేవాళ్ళ ఇంటికి వెళ్ళడం. డ్వాక్రా గ్రూపైతే సభ్యుల్ని ఒక్కొక్కరినీ వెంటపడక్కర్లేదు, గ్రామ సంఘం లెక్కలు చూసే వీఓఏతో మాట్లాడి మీటింగ్ రోజే వెళ్తే ఎవరు కట్టట్లేదో, ఎందుకు కట్టట్లేదో అక్కడే తేలుతుంది. క్రాప్ లోన్ రైతుకి మూడు లక్షల దాకా ఏడు శాతం వడ్డీలో, గడువులోపు కడితే మూడు శాతం తగ్గుతుందని గుర్తుచేయడమే సగం రికవరీ, చాలామందికి గడువు తేదీ ఎప్పుడో కూడా తెలీదు. ఇంతా చెప్పాక, కావాలని ఎగ్గొట్టేవాళ్ళకి నోటీసు, లీగల్ అనండి. ఈ వరసలో చెప్తే ఫీల్డు తెలిసిన మనిషని వాళ్ళకి అర్థమవుతుంది. వీలైతే ఈ మూడు వారాల్లో ఒక్కసారైనా మీ ఫీల్డ్ ఆఫీసర్‌తో కలిసి రికవరీకి వెళ్ళిరండి, మేనేజర్‌గారిని అడిగి. వెళ్ళొచ్చి చెప్పే మాటకి, విని చెప్పే మాటకి తేడా గొంతులోనే వినిపిస్తుంది.

ఇంకో రకం ప్రశ్నలుంటాయి, ఇలా జరిగితే మీరేం చేస్తారు అని. ఈమధ్య వీటికి మార్కులు బాగా పడుతున్నాయి. ఒకటి మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది మీ కౌంటర్ దగ్గరే జరిగే పని. ఒక రిటైర్డ్ టీచర్‌గారు వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ మొత్తం రద్దు చేసి ఇప్పుడే ఆర్‌టీజీఎస్ చేయాలంటారు, ఫోన్ చొక్కా జేబులో ఉంది, కాల్ నడుస్తూనే ఉంది, మీరేదడిగినా పొడిపొడిగా సమాధానం. పోలీసులమని ఫోన్లో బెదిరించి డబ్బు లాగే డిజిటల్ అరెస్ట్ మోసం ఇలాగే ఉంటుంది. "ఆయన డబ్బు ఆయనిష్టం సార్, ఫారం నింపితే పంపేస్తాం" అంటే అది కౌంటర్ వరకే ఆలోచించిన జవాబు. ఆఫీసర్ జవాబు వేరే ఉంటుంది. ముందు ఆయన్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం, అవతలివాడు వింటున్నాడు కాబట్టి నోటితో కాకుండా స్లిప్ మీద "ఎవరు సార్ లైన్లో?" అని రాసి చూపించడం, మన దేశంలో వీడియో కాల్‌లో అరెస్టు అనేదే లేదని చెప్పడం, ఆయన్నడిగి పిల్లలకి ఫోన్ చేయడం, మేనేజర్‌కి చెప్పడం, అప్పటికే డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించడం. మీ బ్రాంచ్‌లో ఇలాంటిది నిజంగా జరిగి ఉంటే అదే చెప్పండి. జరక్కపోతే జరిగినట్టు చెప్పొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇలాగే, నిన్నటిదాకా పక్క కౌంటర్లో కూర్చున్న స్నేహితురాలు రేపు మీ మాట వినకపోతే ఏం చేస్తారని అడగొచ్చు. కస్టమర్ల ముందు ఏమీ అనను, పని అయ్యాక విడిగా మాట్లాడతాను, అప్పటికీ మారకపోతే మేనేజర్‌గారి దృష్టికి తీసుకెళ్తాను అంటే సరిపోతుంది. క్యాష్ తక్కువొస్తే, తాళం చెవులు ఒక్కరి దగ్గరే ఉండిపోతే, ఓచర్ మీద సంతకం లేకుండా ఎంట్రీ చేయమని పైవాళ్ళే అంటే, ఇవన్నీ అడుగుతారు, మీకు జవాబులు తెలిసినవే. కాకపోతే ప్రతి జవాబులో "నేను ఏం చేస్తాను" అన్నది ఉండాలి. పద్నాలుగేళ్ళ అలవాటు కదా, "సార్‌కి చెప్తాను" అన్నది ముందొచ్చేస్తుంది. సార్‌కి చెప్పడం చివర రావాలి, దానికి ముందు మీరు చేసిన పని ఒకటి ఉండాలి.

రూల్స్ విషయానికొస్తే మారినవి చూసుకోండి, పాత గైడ్ చదివినవాళ్ళు తప్పు చెప్పేది వాటిలోనే. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం 2025 జనవరి 1 నుంచి 1.60 లక్షల నుంచి 2 లక్షలైంది. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో తరుణ్ ప్లస్ వచ్చి 20 లక్షల దాకా వెళ్ళింది. 2025 నవంబర్ 1 నుంచి డిపాజిట్‌కి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు, లాకర్‌కి మాత్రం ఒకరి తర్వాత ఒకరే. డ్వాక్రా గ్రూపుని పది లక్షల దాకా తాకట్టు అడగకూడదు. బ్యాంకు ఇచ్చే అప్పుల్లో ప్రాధాన్య రంగానికి 40 శాతం, అందులోనే వ్యవసాయానికి 18 శాతం. జీవన్ జ్యోతి బీమా ప్రీమియం ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకి 20, రెండిటికీ కవర్ రెండేసి లక్షలు. డిపాజిట్ ఇన్సూరెన్స్ 5 లక్షలు. రెపో రేటు నేనిక్కడ రాయను, మీరు వెళ్ళేలోపు మారొచ్చు, ముందురోజు రిజర్వ్ బ్యాంకు సైట్‌లో చూసుకోండి. మీ బ్యాంకు తాజా త్రైమాసిక ఫలితాలు, ఛైర్మన్, ఎండీ పేర్లు కూడా. ఇంతకు మించి కంఠస్థం పెట్టుకుని బుర్ర నింపుకోవద్దు.

ఇక ఇంగ్లీషు. ప్యానెల్‌లో వేరే రాష్ట్రం వాళ్ళు ఉండొచ్చు కాబట్టి ఇంగ్లీషు తప్పదు, కాల్ లెటర్‌లో హిందీ ఆప్షన్ ఇచ్చారేమో, మీకు హిందీ సులువైతే అదీ చూడండి. కానీ పొడవాటి వాక్యాలు ఎవరూ అడగట్లేదు. రైతు పేరు మీద లోన్ ఉంది, గడువు దాటింది, నేను ఇంటికి వెళ్ళాను, సగం కట్టాడు, అంటూ ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పినా చక్కగా అర్థమవుతుంది. ఒక పని చేయండి. మీ బ్రాంచ్ గురించి పది ప్రశ్నలు రాసుకుని ముందు తెలుగులో గట్టిగా జవాబు చెప్పండి, ఎక్కడ తడబడుతున్నారో చూడండి. తెలుగులోనే తడబడితే అది భాష సమస్య కాదు, విషయం ఇంకా మీకు పట్టుబడలేదు. తెలుగులో సాఫీగా వచ్చాక అదే ఇంగ్లీషులో చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మనసులో అనుకోవడం ప్రాక్టీస్ కాదు, నోరు తిరగాలి. మీ పాపని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించండి, పదో తరగతి పిల్ల మీకంటే గట్టిగా అడుగుతుంది. నిజంగా తెలియనిది అడిగితే తెలియదు సార్, తెలుసుకుంటాను అనండి, అందులో తప్పేమీ లేదు. మీ సొంత బ్రాంచ్ గురించి తప్ప.

మొట్టమొదట మీ గురించి చెప్పమంటారు. పుట్టిన ఊరు, భర్త ఉద్యోగం, పిల్లల చదువు అక్కర్లేదు. ఎన్నేళ్ళ సర్వీసు, ఏయే సీట్లు చూశారు, బ్యాంకు ఉద్యోగుల పరీక్ష జేఏఐఐబీ పాసయి ఉంటే అది, బ్రాంచ్‌లో మీరంటూ పూనుకుని చేసిన పని ఒకటి, అంతే, ఒక నిమిషం దాటకూడదు. ఆ ఒక్క పని ఏమిటో ఇప్పుడే తేల్చుకోండి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు మీరే దగ్గరుండి చేయించి ఉండొచ్చు, నామినేషన్ లేని అకౌంట్లు వెతికి పెట్టించి ఉండొచ్చు, పద్నాలుగేళ్ళలో ఏమీ లేకుండా ఉండదు. రెండేళ్ళ క్రితం దాకా ఎందుకు ప్రమోషన్‌కి రాలేదంటే పాప చిన్నదని, తర్వాతే కుదిరిందని ఒక్క ముక్కలో చెప్పేయండి, సంజాయిషీలా సాగదీయొద్దు.

ఆ అబ్బాయి గురించి. ఖాళీలు మీ ఒక్క బ్రాంచ్‌వి కావు కదమ్మా, ఇద్దరికీ రావచ్చు. అతనితో పోటీ పెట్టుకోకుండా సాయంత్రాలు పని అయ్యాక ఒక అరగంట ఇద్దరూ కూర్చోండి. మీరు అతన్ని అడగండి, అతను మిమ్మల్ని అడుగుతాడు. అతని ఇంగ్లీషు మీ చెవిన పడుతుంది, కస్టమర్లతో మీకున్న అనుభవం అతనికి పనికొస్తుంది. ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కి ఇంతకంటే మంచి జోడీ బయట డబ్బు కట్టినా దొరకదు.

రికమెండేషన్ మాట వినీ వినీ నాకు బాధేస్తుంది. బ్యాంకుల్లో ఎక్కడా పైరవీలు ఉండవని నేననను. కానీ మా ప్యానెల్ ముందు బాగా చెప్పిన మనిషిని మేం ఎందుకు వదులుకుంటాం, బ్రాంచులకి ఆఫీసర్లు చాలక మేమే తల పట్టుకుంటుంటే? ఎవరైనా ఎమ్మెల్యే చేత ఫోన్ చేయిద్దాం అంటే ఒప్పుకోకండి. బయటి ఒత్తిడి తేవడం తప్పని ఆఫీసర్ల కాండక్ట్ రూల్స్‌లోనే ఉంది, ఆఫీసర్ అవ్వబోతూ దానితో మొదలుపెట్టకూడదు. అంతా ముందే అయిపోయిందనే వాళ్ళలో చాలామంది చదవకుండా వెళ్ళినవాళ్ళే, మీరు భోజనాల దగ్గర ఆ చర్చలో కూర్చోవద్దు.

చివరిగా ట్రాన్స్‌ఫర్, ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది. ఎక్కడికైనా వెళ్తారా అని తప్పకుండా అడుగుతారు, ఆడవాళ్ళని మరీ గుచ్చి అడుగుతారు. అక్కడ ఒక్క క్షణం తటపటాయించినా అప్పటిదాకా చెప్పిందంతా పలచబడుతుంది. కాబట్టి ఈ ఆదివారం మీ వారితో, ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడండి. వేరే రాష్ట్రం వేస్తే పాప దగ్గర ఎవరుంటారు, రెండు ఇళ్ళ ఖర్చు ఎంత, ఆఫీసర్‌కి క్లర్కులా టైముకి ఇంటికి రావడం ఉండదు, దానికి ఇంట్లో సిద్ధమా. ఆడవాళ్ళని వీలైనంత వరకు భర్త ఉన్నచోటికి దగ్గరగా వేయమని కేంద్ర ఆర్థిక శాఖ 2014లోనే ప్రభుత్వ బ్యాంకులకి చెప్పింది, పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగమని రిక్వెస్ట్ పెట్టుకోవడం కూడా మామూలే, ఇస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు. అవన్నీ ఆర్డర్ వచ్చాక అడగాల్సినవి, ఇంటర్వ్యూ గదిలో ఎత్తొద్దు. మనస్ఫూర్తిగా వెళ్తాను అనగలిగితేనే వెళ్తాను అనండి. వచ్చాక వద్దంటే చాలా బ్యాంకుల్లో మళ్ళీ కొన్నేళ్ళు రాయనివ్వరు.

మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీ సర్క్యులర్ ఇంట్రానెట్‌లో ఉంటుంది, ఈ వారమే తీసి చదవండి. మొదటి పోస్టింగ్ ఎక్కడ వేస్తారు, వద్దంటే ఏమవుతుంది, జీతం ఎలా ఫిక్స్ చేస్తారు, మూడూ అందులో ఉంటాయి. ఏదైనా పేరా అర్థం కాకపోతే అది రాసి పంపండి, ఇంటర్వ్యూ లోపే జవాబిస్తాను.